బుడమేరులో మునిగిన 280 సీఈ: ఉన్నదున్నట్టు నిలబెట్టాలా, ట్రాక్స్ ఇంజిన్ ఎక్కించాలా?

#1 పటమట పిల్లోడు
ఆదివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోతున్నవాణ్ణే, రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగ్గా ఉంటుంది, తిట్టుకోకండి.

మా బాబాయి ఇంగ్లండులో డాక్టరుగా చేసి 1986లో వచ్చేస్తూ తన బెంజిని ఓడ మీద తెచ్చుకున్నాడు. 280 సీఈ, 1980 మోడలు, రెండు తలుపులు, ముదురు నీలం, కుడివైపు స్టీరింగ్. నాలుగు అద్దాలూ దించేస్తే మధ్యలో కమ్మీ అన్నది ఉండదు. చిన్నప్పుడు ప్రకాశం బ్యారేజీ మీద వెళ్తుంటే వెనక సీట్లోంచి చెయ్యి బయటపెట్టి బాబాయి చేత మొట్టికాయలు తిన్నది నేనే. ఆయన పోయాక కారు సింగ్‌నగర్‌లో పిన్ని వాళ్ళ ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉండిపోయింది. నెలకోసారి వెళ్ళి స్టార్ట్ చేసి వచ్చేవాణ్ణి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చింది. పిన్నిని పడవ మీద తెచ్చుకున్నాం. కారు సంగతి ఎవరికి గుర్తుంటుంది? నీళ్ళు తీశాక వెళ్తే డ్యాష్‌బోర్డులో గడియారం సగం దాకా బురద గీత ఉంది. డిక్కీలో స్టెప్నీ గుంటలో రెండు జెల్లలు.

ఇల్లు బాగుచేసుకోవడంతోనే నాలుగు నెలలు గడిచిపోయాయి. సంక్రాంతి వెళ్ళాక ఆటోనగర్‌లో ముగ్గురికి చూపించాను. ఇంజిన్ పట్టేసింది. మొదటాయన తుక్కు కింద 55 వేలు ఇస్తానన్నాడు. రెండో ఆయన "ఆ పెట్రోలు ఇంజిన్ తీసి అవతల పారేద్దాం, ట్రాక్స్ జీపు డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తా, అదీ బెంజిదే, లీటరుకి పద్నాలుగు ఇస్తుంది" అన్నాడు. మూడో ఆయన కుర్రాడు. జపాన్ ఇంజిన్, 18 అంగుళాల చక్రాలు, మ్యాట్ నలుపు రంగు, బండి నేలకి ఆనేంత కిందికి. ఫోన్లో బొమ్మ కూడా గీసి చూపించాడు. అబద్ధం చెప్పను, బొమ్మ బాగుంది.

పిన్ని మాత్రం "మీ బాబాయి ఎలా ఉంచాడో అలాగే ఉంచు నాన్నా" అంటోంది. నా దగ్గర ఆరు లక్షలున్నాయి. అంతకు మించి లేవు. ఏం చేయమంటారు?

#2 డేటాకార్డ్ మూర్తి
ఆదివారం, రాత్రి 11:20

ముందు ఆ 55 వేల ఆయన షెడ్డులోంచి కారుని బయటికి తెచ్చేయ్ బాబూ. రేపు పొద్దున్నే.

నీ దగ్గరున్నది ఏమిటో నీకు తెలిసినట్టు లేదు. దాన్ని సీ123 అంటారు. 1977 నుంచి 1985 దాకా సిండెల్‌ఫింగెన్‌లో తయారైంది. ఆ తరం బెంజి సెడాన్లు ఊళ్ళో ఒకటో రెండో కనిపిస్తాయి గానీ, కూపే, అంటే ఈ రెండు తలుపులది, అన్ని రకాలూ కలిపి ప్రపంచం మొత్తానికి దాదాపు లక్ష. సెడాన్‌కి రెండు తలుపులు పీకేస్తే వచ్చింది కాదది. చక్రాల మధ్య దూరం 85 మిల్లీమీటర్లు తగ్గించి, పైకప్పు వాల్చి, ముందు అద్దం ఇంకొంచెం పడుకోబెట్టారు. నీ ఇంజిన్ ఎం110. ఆరు సిలిండర్లు, 2746 సీసీ, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, 185 గుర్రాల బలం. దాంట్లో ట్రాక్స్ ఇంజిన్ పెట్టడమంటే కచేరీ మధ్యలో వీణ తీసేసి డప్పు ఇవ్వడమే. డప్పు మంచిదే, దాని చోటు వేరు.

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రేడియేటర్ పైన అడ్డపట్టీ మీదున్న చిన్న రేకు ఫొటోలు పెట్టు. రంగు కోడ్ దాని మీద ఉంటుంది.

#3 ఈ30 చిన్నా, గుంటూరు
సోమవారం, ఉదయం 7:05

మూర్తిగారూ, మీరు ప్రతి చర్చలోనూ ఇదే పాట. నూటికి తొంభైమంది ఆ పాట విని భయపడి, బండి బాగుచేయకుండా గోనెపట్టా కప్పి, చివరికి తుక్కు వాడికే ఇస్తున్నారు.

అన్నా, నువ్వు ఆయన మాటలకి బెదరకు. జర్మన్లే మార్చుకున్నారు, మనమెంత? ఏఎంజీ 1967లో మొదలైంది దేనికి? బెంజి కంపెనీ ఇచ్చిన ఇంజిన్ సరిపోక ఇద్దరు ఇంజినీర్లు బయటికొచ్చి పెట్టుకున్న షెడ్డు అది. వాళ్ళు 300 ఎస్‌ఈఎల్‌ని 6.8 లీటర్లకి పెంచి 1971లో స్పా 24 గంటల పందెంలో రెండో స్థానం కొట్టారు. అంత పెద్ద పెట్టెలాంటి కారుతో! అప్పుడు ఏ మూర్తిగారో "డేటా కార్డ్ (ఫ్యాక్టరీ ఇచ్చిన వివరాల కాయితం) చూపించు" అని ఉంటే ఇవాళ ఏఎంజీ ఉండేదా? ఆల్పినా, రూఫ్, బ్రాబస్ లాంటి ట్యూనర్లు (కంపెనీ కార్లని మార్చి బలం పెంచేవాళ్ళు) అందరిదీ అదే కథ. రూఫ్ వాళ్ళు పోర్షే 911ని తీసుకుని 1987లో చేసిన పసుపు బండిని ఇవాళ తాకడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు.

జపాన్ ఇంజిన్ వేసెయ్. పార్టులు దొరుకుతాయి, పనిచేసేవాళ్ళు దొరుకుతారు.

#4 డేటాకార్డ్ మూర్తి
సోమవారం, ఉదయం 7:31

ఏఎంజీ వాళ్ళు బెంజి ఇంజిన్‌నే బోరింగ్ చేసి పెంచారు నాయనా, పక్కింటి ఇంజిన్ తెచ్చి పెట్టలేదు. ఇంకోటి. నీ పేరులో ఈ30 ఉంది గానీ నీది కూపే కాదు. రెండు తలుపుల ఈ30ని బీఎండబ్ల్యూ వాళ్ళు ఏనాడూ కూపే అనలేదు, రెండు తలుపుల సెడాన్ అన్నారు. ఆ 3 సిరీస్‌లో కూపే అన్న పేరు తర్వాతి తరం ఈ36 నుంచే.

#5 ఈ30 చిన్నా, గుంటూరు
సోమవారం, ఉదయం 7:33

వచ్చింది. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

#6 ఆటోనగర్ లేత్
సోమవారం, మధ్యాహ్నం 2:15

భోజనాల టైములో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మాది మూడో రోడ్డులో లేత్ షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా.

బాబూ, ముందు ఒక్క మాట చెప్పు. ఎవరైనా బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టారా? కొట్టకపోతే అదృష్టవంతుడివి. లోపల నీళ్ళుంటే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్ళు నొక్కితే నలగవు కదా. వరద తర్వాత మా షాపుకి వచ్చిన వంగిన రాడ్లతో ఒక డబ్బా నిండింది. నీళ్ళు చేసింది కాదది, ఇంటివాళ్ళ తొందర చేసింది.

ఆరు ప్లగ్గులూ తీసెయ్. రంధ్రాల్లో గేరు ఆయిలూ కిరసనాయిలూ కలిపి పొయ్యి, ఒక్కోదానికి టీ గ్లాసుడు. రోజూ సాయంత్రం చూసి ఇంకినంత మళ్ళీ పొయ్యి. పది రోజులు ముట్టుకోకు. తర్వాత క్రాంక్ బోల్టుకి సాకెట్ వేసి చేత్తో కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. వెంట్రుకంత కదిలినా చాలు. పొడుగు పైపు తగిలించి బలం చూపించకు.

ఇంజిన్ కంటే నాకు భయం కె-జెట్రానిక్. ఈ బండిలో పెట్రోలు పంపకం అంతా యంత్రమే, కంప్యూటర్ లేదు. గాలి లాగినప్పుడు ఒక పళ్ళెం పైకి లేస్తుంది, అది ఒక సన్నటి ప్లంజర్‌ని తోస్తుంది, ఆ ప్లంజర్ ఎంత లేస్తే అంత పెట్రోలు ఆరు పైపుల్లోకి. ఆ ప్లంజర్ మీద వేలిముద్ర పడినా తుడిచి పెడతాం మేము. అందులోకి బుడమేరు వెళ్ళింది.

ఇక ట్రాక్స్ సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు. ట్రాక్స్‌లో వచ్చింది ఓఎం616. అప్పటి బజాజ్ టెంపో, ఇప్పటి ఫోర్స్ వాళ్ళు బెంజి లైసెన్సు మీద ఇక్కడే చేశారు. నీ కారు అన్నదమ్ముడు 240 డీలో ఉన్నది అదే ఇంజిన్. కాబట్టి చుట్టరికం ఉంది. కానీ అది 72 గుర్రాలు, నీది 185. టన్నున్నర దగ్గర ఉండే బండి. కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడు వెనక ఆటోవాడు హారన్ కొడతాడు. నీకు పోయినా పరవాలేదు, మీ బాబాయి పరువు పోతుంది.

#7 గవర్నర్‌పేట ఘియా
సోమవారం, రాత్రి 9:50

కాయితాల సంగతి ఒక్కరూ అడగలేదు. మగాళ్ళ చర్చ అంటే గుర్రాల బలం దగ్గరే ఆగిపోతుంది.

నేను ప్లీడరుని. మా నాన్నగారి 1965 ఫోక్స్‌వాగన్ కార్మన్ ఘియా నా దగ్గరుంది, కాబట్టి రెండు వైపుల నొప్పీ తెలుసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. "ఒక్కో మార్పుకి" అన్న ముక్క గమనించండి. ఆ కుర్రాడు గీసిన బొమ్మలో నేను నాలుగు లెక్కపెట్టాను. ఇంజిన్ మారిస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసు అనుమతి కావాలి, ఆర్సీలో ఎక్కాలి. పెట్రోలు బండి డీజిల్ అయితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కారు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేస్తారో మీ ఊహకే వదిలేస్తున్నా.

ఇంకొకటి. 2021 జులైలో వింటేజ్ బండ్లకి విడిగా నిబంధనలు వచ్చాయి. 50 ఏళ్ళు దాటినవాటికి 'వీఏ' అక్షరాలతో నంబరు, పదేళ్ళ గడువు, కొత్తగా చేయిస్తే ఇరవై వేలు, గడువయ్యాక మళ్ళీ చేయిస్తే అయిదు వేలు. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. మీ కారు 1980ది. 2030కి యాభై నిండుతాయి. ఇవాళ జపాన్ ఇంజిన్ పెడితే అయిదేళ్ళ తర్వాత ఆ తలుపు మూసుకుపోతుంది.

#8 ఈ30 చిన్నా, గుంటూరు
సోమవారం, రాత్రి 10:02

మేడం, వీఏ నంబరు వస్తే రోజూ తిప్పుకోకూడదు కదా? ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలు కొట్టించుకోడానికి, రిపేరుకి మాత్రమేనట. మేనకోడలి పెళ్ళికి వేసుకెళ్తే నేరమా?

#9 గవర్నర్‌పేట ఘియా
సోమవారం, రాత్రి 10:10

పెళ్ళికి వెళ్తూ దారిలో పెట్రోలు కొట్టించుకోండి.

తమాషాకి అన్నాను, నా పేరు చెప్పకండి. ఆ షరతు నాకూ నచ్చదు. అందుకే మా ఘియా ఇంకా మామూలు నంబరు మీదే ఉంది. నేను వారానికి రెండుసార్లు నడుపుతాను. నడపని కారుకి రబ్బర్లు ఎండుతాయి, బ్రేకులు పట్టేస్తాయి.

#10 బ్రాడీపేట టు స్టుట్‌గార్ట్
మంగళవారం, రాత్రి 1:40

ఇక్కడ ఇంకా సోమవారం రాత్రే. మాది గుంటూరు బ్రాడీపేట, తొమ్మిదేళ్ళుగా ఇక్కడ ఉద్యోగం. పటమట తమ్ముడు చెప్పిన కారు పుట్టిన ఊరు మా ఇంటి నుంచి లోకల్ రైల్లో అరగంట.

ఇక్కడి పద్ధతి చెప్తా. 1997 నుంచి ముప్పై ఏళ్ళు దాటిన కార్లకి నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తున్నారు. అది ఉంటే ఇంజిన్ ఎంత పెద్దదైనా ఏడాదికి 191 యూరోల 73 సెంట్ల పన్నుతో సరి. రోజూ నడుపుకోవచ్చు, అడ్డు లేదు. ఇవ్వడానికి ముందు పరీక్ష చేసే ఇంజినీరు కారు కింద పడుకుని టార్చి వేసి చూస్తాడు. చిన్నా అనుకున్నంత ఉదారంగా ఉండరు, మూర్తిగారు అనుకున్నంత మడీ కట్టుకోరు. ఆ కాలంలో జనం మార్చుకున్న మార్పులైతే సరే అంటారు. 1980 కారుకి 1980లలో దొరికిన చక్రాలు, ఆనాటి ట్యూనర్ల బంపర్లు, అప్పటి రేడియో అన్నీ చెల్లుతాయి. మొన్నటి 18 అంగుళాల చక్రాలు చెల్లవు. మార్చావా లేదా అని అడగరు, ఎప్పటి మార్పు అని అడుగుతారు.

పోయిన వేసవిలో ఒక కార్ల సంతకి వెళ్ళాను. అద్దంలా మెరుస్తున్న 911 దగ్గర నలుగురున్నారు. దాని పక్కన ఒక ముసలాయన పాత 280 సీఈ. డ్రైవర్ సీటు అంచు చిరిగింది, తలుపు మీద తాళం చెవి గీతలు, లోపల నలభై ఏళ్ళ చుట్ట వాసన. దాని దగ్గర ఇరవైమంది. ఆయన్ని అడిగితే "ఆ గీతలు మా ఆవిడవి, పెయింట్ వేస్తే పోతాయి" అన్నాడు.

#11 ఈ30 చిన్నా, గుంటూరు
మంగళవారం, ఉదయం 6:50

సరే, నా కథ కూడా చెప్తా. నవ్వితే నవ్వండి.

నా ఈ30కి మొదట నాలుగు సిలిండర్ల పాత ఇంజిన్ ఉండేది. బానే ఉండేది. నాకే బుద్ధి పుట్టి ఆరు సిలిండర్లది తెచ్చి ఎక్కించాం. ఇంజిన్ బరువు పెరిగింది కదా, ముందు స్ప్రింగులు కూర్చున్నాయి. స్ప్రింగులు మారిస్తే బ్రేకులు చాల్లేదు. బ్రేకులు మారిస్తే 14 అంగుళాల చక్రాలు పట్టలేదు. చక్రాలు మారిస్తే మడ్‌గార్డు అంచు టైరుకి రాసుకుంది, దాన్ని సుత్తితో లోపలికి మడిచాం. మడిచిన చోట తుప్పు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. మొత్తం మూడేళ్ళు, నేను మా ఇంట్లో చెప్పని అంత డబ్బు.

అయినా ఒకటి నిజం. నల్లపాడు దాటాక ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఆ ఆరు సిలిండర్లు పాడితే, పెట్టిన డబ్బు గుర్తురాదు. ఆ సుఖం మూర్తిగారికి తెలియదు. నాకు ఏడుపొచ్చేది ఒక్కదానికే. పాత చక్రాలు, సోడామూతల్లాంటివి, నాలుగూ తుక్కులో కిలోల లెక్కన వేశాను. ఇవాళ వాటి కోసం నేనే వెతుకుతున్నా.

#12 గవర్నర్‌పేట ఘియా
మంగళవారం, ఉదయం 8:15

చిన్నాగారూ, అందరిలోకీ పనికొచ్చే మాట మీరే చెప్పారు.

మా ఘియా 6 వోల్టుల బండి. రాత్రిపూట దాని హెడ్‌లైట్లు కార్తీక దీపాల్లా ఉండేవి. ఏలూరు రోడ్డులో ఒక రాత్రి నల్ల గేదెని రెండడుగుల్లో చూశాను. మర్నాడే 12 వోల్టులకి మార్పించాను. నాన్నగారు అలిగి రెండు రోజులు మాట్లాడలేదు. కానీ తీసిన ప్రతి ముక్కా, డైనమో, రెగ్యులేటర్, బల్బులు, హారన్ రిలే, అన్నిటికీ చీటీ కట్టి ఒక ట్రంకు పెట్టెలో పెట్టాను. ఎప్పుడు కావాలన్నా ఒక్క రోజులో పాత కారు తిరిగొస్తుంది. ఒక్క రంధ్రం కూడా కొత్తగా వేయించలేదు. మార్చండి, కానీ కోయకండి.

#13 డేటాకార్డ్ మూర్తి
మంగళవారం, ఉదయం 8:40

మన ఘియా లక్ష్మిగారు చెప్పింది నాకు సమ్మతమే. గేదె విషయంలో రాజీ పడతాను.

#14 పటమట పిల్లోడు
మంగళవారం, రాత్రి 9:30

ఎవరూ సెల్ఫ్ కొట్టలేదు. కారుని నిన్న లేత్ అన్న షాపుకి లాగించాం. ప్లగ్గులు తీస్తే మూడింట్లోంచి టీ రంగు నీళ్ళొచ్చాయి. గేరు ఆయిలు పోశాం.

సీట్లు విప్పాను. లోపల స్పాంజి ఉంటుందనుకున్నా, రబ్బరు పూసిన పీచు ప్యాడ్లున్నాయి. నీళ్ళకి కుళ్ళి ముద్దయిపోయాయి. వాసన చెప్పలేను.

#15 ఆటోనగర్ లేత్
మంగళవారం, రాత్రి 10:05

పీచు గురించి బెంగ వద్దు. కోనసీమ మన పక్కనే. కొబ్బరి పీచు పరుపు తెచ్చి ఆకారానికి కోస్తే సీట్లు కుట్టే మావాడు చేసేస్తాడు. స్పాంజి మాత్రం పెట్టించకు. కూర్చుంటే ఎత్తు మారుతుంది, ఎండకి వీపు ఉడికిపోతుంది.

#16 పటమట పిల్లోడు
పదకొండు రోజుల తర్వాత, శనివారం, సాయంత్రం 6:20

కదిలింది!!! పదకొండో రోజు, సాకెట్ వేసి లేత్ అన్న చేత్తో అంటే, ముందు ఏమీ లేదు. రెండోసారి "టిక్" అంది, చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడనంత. అన్న ఆగిపోయి టీ చెప్పాడు. టీ తాగాక ఇంకో అంగుళం. రాత్రి ఎనిమిదింటికి ఒక పూర్తి చుట్టు తిరిగింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

కానీ ఇప్పుడు వేరే తలనొప్పి. బ్లాక్ మీద బురద కడిగి ఇంజిన్ నంబరు చూశాం. ఆర్సీ మొదటి పేజీలో ఉన్నదానికీ దీనికీ సంబంధం లేదు. డిక్కీలో కార్పెట్ కింద రంగు చూస్తే నీలం కాదు, మీగడ రంగు. రేకు మీద కోడ్ 623 అని ఉంది.

#17 బ్రాడీపేట టు స్టుట్‌గార్ట్
శనివారం, రాత్రి 7:15

623 అంటే లేత దంతం రంగు తమ్ముడూ. 1971 నుంచి పశ్చిమ జర్మనీలో టాక్సీలకి ఆ రంగే ఉండాలని రూలు ఉండేది. మీ బాబాయి కారు పుట్టుకతో మా ఊరి టాక్సీల చుట్టం!

#18 ఈ30 చిన్నా, గుంటూరు
శనివారం, రాత్రి 7:18

మూర్తిగారూ? ఉన్నారా?

#19 పటమట పిల్లోడు
ఆదివారం, మధ్యాహ్నం 12:45

పిన్నిని అడిగాను. పప్పు తాలింపు వేస్తూ మొత్తం చెప్పింది, నవ్వు ఆపుకోలేకపోయింది.

కారు వచ్చిన కొత్తలో వాళ్ళ నాన్నగారు చూసి "లక్షలు పోసి బెంజి కొని గవర్నమెంటు అంబాసిడర్ రంగేమిటి అల్లుడూ" అన్నారట. అంతే, ఆ నెలలోనే నీలం. ఇంజిన్ సంగతి 1994లోది. రోహిణి కార్తెలో ఒంగోలు వెళ్తూ వేడెక్కి హెడ్డు పోయింది. మద్రాసులో ఒక 280 ఈ సెడాన్ తుక్కుకి వస్తే అందులోంచి ఇంజిన్ తెప్పించాడు. అదే ఎం110. ఆర్సీలో కూడా ఎక్కించాడు, ముద్ర ఉంది, వెనక పేజీలో నేనే చూసుకోలేదు.

పిన్ని "అలాగే ఉంచు" అన్న కారు, బాబాయి మార్చిన కారు. ఇప్పుడు దేన్ని కాపాడాలి? 1980లో సిండెల్‌ఫింగెన్ నుంచి వచ్చినదాన్నా, మేం ఎక్కి తిరిగినదాన్నా?

#20 మోడరేటర్
ఆదివారం, మధ్యాహ్నం 3:00

ఈ చర్చలో మూర్తిగారి మీద వేసిన పదకొండు మీమ్‌లు తొలగించాం. ఆయన పెద్దవారు. ఒకటి మాత్రం బాగుంది, దాచుకున్నాం.

#21 డేటాకార్డ్ మూర్తి
సోమవారం, ఉదయం 5:50

మీమ్‌లు చూశాను. వీణ పట్టుకున్న బొమ్మ పంపండి, మా మనవరాలు అడుగుతోంది.

రెండు రోజులు ఆలోచించాను బాబూ. లెక్క ప్రకారమైతే నేను చెప్పాల్సింది తెలుసు. దంతం రంగుకి తిప్పు, పాత ఇంజిన్ ఎక్కడుందో వెతుకు అని. ఆ ఇంజిన్ 1994లోనే కరిగి ఏ ఇనప మూకుడో అయి ఉంటుంది. ఇక రంగు. నీలం వేసి దాదాపు నలభై ఏళ్ళు. దంతం రంగులో ఉన్నది ఆరేడేళ్ళు. ఏది అసలు?

నా అలమరాలో నాలుగు కార్ల డేటా కార్డులు లామినేషన్ చేసి ఉన్నాయి. వాటిల్లో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఉంటుంది గానీ మామగారి వెక్కిరింత ఉండదు. నీలం ఉంచు. ఆ ఇంజిన్‌నే బతికించు. అది అదే జాతి, అదే కొలత, ఆర్సీలో ఉంది, లక్ష్మిగారికి కూడా పేచీ ఉండదు అనుకుంటాను. కార్పెట్ కింద దంతం రంగు మాత్రం తుడిచి అలాగే వదిలెయ్, దాని మీద నీలం కొట్టించకు. తర్వాత విప్పేవాడికి తెలియాలి.

#22 గవర్నర్‌పేట ఘియా
సోమవారం, ఉదయం 9:20

ఆర్సీలో ఎక్కింది కాబట్టి ఇవాళ్టికి ఇబ్బంది లేదు. 2030లో వీఏకి వెళ్ళినప్పుడు ఆ మార్పుని ఎలా చూస్తారో అప్పుడు వాదిద్దాం, ఫీజు తీసుకోను. 1994 ముద్ర ఉన్న పేజీ రంగుల జిరాక్స్ తీసి మూడు చోట్ల పెట్టండి. మళ్ళీ వరద రాదని లేదు.

#23 ఆటోనగర్ లేత్
సోమవారం, మధ్యాహ్నం 2:30

అయితే పని ఇలా. హెడ్డు దించి చూశా. నాలుగో బోరులో తుప్పు గుంటలున్నాయి, మిగతావి హోనింగ్‌తో, అంటే బోరు లోపల సన్నగా అరగదీస్తే, పోతాయి. నాలుగోదానికి లోపల కొత్త గొట్టం, స్లీవ్ వేస్తా. కె-జెట్రానిక్ ప్లంజర్ బయటికొచ్చింది, మొరాయించలేదు, నల్లమచ్చ ఒకటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువిచ్చే వార్మప్ రెగ్యులేటర్ పోయింది, అది తెప్పించాలి.

ఉన్నదున్నట్టు అని ఎన్ని చెప్పినా కొన్ని మార్చక తప్పదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. 1980 నాటి రబ్బరు గొట్టాలు దానికి పుట్టలేదు. ఉబ్బి, పగిలి, వేడి ఇంజిన్ మీద కారతాయి. అన్నీ ఇథనాల్‌ని తట్టుకునే గొట్టాలు వేస్తా, బయటికి నల్లగా పాతవాటిలాగే కనిపిస్తాయి. ట్యాంకు నిండా పెట్రోలు పోసి నెలలు నెలలు వదిలేయకు. రేడియేటర్ ముందు ఒక కరెంటు ఫ్యాను, అసలు బోల్టు రంధ్రాలకే బిగిస్తా, కోత లేదు. బాబాయి కారు రోహిణి కార్తెలోనే కదా పోయింది.

తలుపుల లోపల సెంట్రల్ లాక్ గొట్టాల్లో ఇంకా బురద ఉంది. గాలి పీల్చి తాళం వేసే ఏర్పాటు అది, కరెంటుది కాదు. ఊదుతుంటే సింగ్‌నగర్ మట్టి అంతా నా మొహాన పడింది.

లెక్క వేస్తే ఆరు లక్షలు దాటుతుంది. ఎంత దాటుతుందో ఇప్పుడే చెప్పను, నిద్ర పట్టదు నీకు. నా మజూరీ చివర చూద్దాం.

#24 ఈ30 చిన్నా, గుంటూరు
సోమవారం, రాత్రి 8:00

వైరింగ్ నేను చేస్తా అన్నా. డబ్బులొద్దు. ఆదివారాలు బస్సెక్కి వస్తా, మధ్యాహ్నం భోజనం మీ పిన్నిగారి చేత. అసలు రంగుల వైర్లే వాడతా, గోధుమరంగు ఎర్త్, అంతా జర్మన్ పద్ధతి. నేను మార్చేవాణ్ణే గానీ చేతకానివాణ్ణి కాదు.

18 అంగుళాల చక్రాల బొమ్మ మాత్రం నాకు పంపు. ఊరికే చూసుకోడానికి.

#25 పటమట పిల్లోడు
ఏడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

మధ్యాహ్నం మూడున్నరకి స్టార్టయింది. మొదట నాలుగు సిలిండర్ల మీద దగ్గుతూ, తెల్లటి పొగ, లేత్ అన్న పళ్ళేన్ని వేలితో ఒకసారి పైకి లేపి వదిలాడు, ఆరూ అందుకున్నాయి. చిన్నా చేతులు వైరు టేపు జిగురుతో ఉన్నాయి, అలాగే పట్టుకున్నాడు నన్ను. పిన్ని లోపల కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏసీ లేదా ఇంకా" అంది.

ఒకటి మిగిలింది. వెనక చిన్న అద్దం, కిందికి దిగేది, కుడివైపు దాని రబ్బరు బీడింగ్ ముక్కలైపోయింది. సెడాన్‌ది పట్టదు, కూపేకి వేరేనట. విదేశాల్లో అడిగితే చెప్పిన ధరకి నా దగ్గరున్నది సరిపోదు. ఎవరి దగ్గరైనా ఉందా?

#26 డేటాకార్డ్ మూర్తి
ఆదివారం, రాత్రి 9:40

నా 230 సీఈది ఎడమవైపుది ఒకటి ఉంది, వాడలేదు. కుడివైపుకి తిరగేస్తే పట్టదు. కానీ అచ్చు తీయడానికి పనికొస్తుంది. ఆటోనగర్‌లో రబ్బరు అచ్చులు పోసేవాళ్ళున్నారు కదా?

#27 ఆటోనగర్ లేత్
ఆదివారం, రాత్రి 9:52

ఉన్నారు. మా వెనక రోడ్డే. మూర్తిగారూ, రేపు పదింటికి అది పట్టుకుని వచ్చేయండి. అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు చెక్కాలి, ఒక పూట పడుతుంది. పాత ముక్కలు కూడా పారేయకు బాబూ, మందం కొలవాలి.